హెఫయిస్టస్‌ను దేవతల కొండ ఒలింపస్ మీంచి తోసింది తల్లా, తండ్రా?

గ్రీకు పురాణాలు కొత్తగా చదువుతున్నాను. కమ్మరి దేవుడు హెఫయిస్టస్ దగ్గర చిక్కుపడ్డాను. హోమర్ కావ్యం ఇలియడ్ మొదటి భాగంలో, తల్లి హీరా పక్షం వహించాడని తండ్రి జ్యూస్ అతణ్ణి కాలు పట్టుకుని విసిరేస్తాడు. పగలంతా పడుతూనే ఉండి, పొద్దుగుంకే వేళకు లెమ్నోస్ దీవిలో తేలతాడు. అదే కావ్యం 18వ భాగంలోనేమో కుంటి బిడ్డ అని హీరాయే తోసేసిందట! థెటిస్, యూరినోమీ అనే సముద్ర దేవతలు కాపాడి తొమ్మిదేళ్లు సముద్రంలో దాచారట. మరో ప్రాచీన కవి హెసియడ్ అయితే ఇతనికి తండ్రే లేడంటాడు. భార్య సంగతీ అంతే: ఇలియడ్‌లో కారిస్ అనే దేవత, హోమర్‌దే అయిన ఒడిస్సీలో ప్రేమదేవత అఫ్రొడైటీ.

పాఠభేదాలు మనకు కొత్త కాదు గానీ, ఒకే కావ్యంలో ఇలాగా? రెండుసార్లు పడ్డాడని ఆనాటి గ్రీకులు సర్దుకున్నారా, అసలు పట్టించుకోలేదా? ముందు హోమర్‌ను చదవాలా, హెసియడ్‌నా? తెలిసినవారు దయచేసి చెప్పండి.