అప్‌డేట్: యాక్సిడెంట్ తర్వాత పాపకు పీడకలలు, కారంటే భయం

కారు ప్రమాదం తర్వాత మా తొమ్మిదేళ్ల పాప నిద్రలో అరుస్తోందని, కారు ఎక్కనంటోందని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. పిల్లల సైకాలజిస్టుకు చూపించమన్న మాటే పనిచేసింది. ఆవిడ పీటీఎస్‌డీ (భయంకరమైన సంఘటన తర్వాత మనసును వదలని భయం, ఆందోళన) అని తేల్చి ట్రామా ఫోకస్డ్ సీబీటీ (ఆ అనుభవం తెచ్చిన ఆలోచనలను, భయాలను మెల్లగా ఎదుర్కోవడం నేర్పే కౌన్సెలింగ్ చికిత్స) మొదలుపెట్టారు. మామూలుగా 12 నుంచి 16 సెషన్లు పడుతుందట. ముందు శ్వాస మీద ధ్యాస పెట్టడం, తనకేమనిపిస్తోందో చెప్పడం నేర్పారు. తర్వాత జరిగినదంతా పాపే బొమ్మలు గీస్తూ కొంచెం కొంచెంగా చెప్పింది. ఆగి ఉన్న కారులో కూర్చోవడంతో మొదలుపెట్టి మెల్లగా ప్రయాణం దాకా తెచ్చారు. మాకూ విడిగా సెషన్లు పెట్టారు (నిజానికి టెన్షన్ ఎక్కువ మాకే).

'ఆ సంగతి ఎత్తకండి, తనే మర్చిపోతుంది' అన్న సలహా మాత్రం పక్కన పెట్టాం. తప్పించుకునే కొద్దీ భయం ముదురుతుందన్నారావిడ. మందుల అవసరమే పడలేదు. పీడకలలు పోయాయి, స్కూలుకు కారులోనే వెళ్తోంది. హారన్ గట్టిగా మోగితే ఇంకా ఉలిక్కిపడుతుంది కానీ తనే సర్దుకుంటోంది.