ట్యాంకు నిండా ఉన్నా ఫ్యూయల్ ముల్లు ఫుల్‌కి రావడం లేదు, సెండర్ మార్చాలా?

పాతబండి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కార్బ్యురేటర్ పెట్రోల్ కారు, పాతకాలం ముల్లు మీటరు. ట్యాంకు 45 లీటర్లు. నిండా కొట్టించినా ముల్లు ముప్పావుకి కాస్త పైన ఆగిపోతోంది. ఖాళీ గీత మీదకి వచ్చాక కొట్టిస్తే 37 లీటర్లకే నిండిపోతోంది. అంటే లోపల 8 లీటర్లు ఉండగానే ఖాళీ చూపిస్తోంది. ముల్లు ఎగరడం, ఉన్నట్టుండి పడిపోవడం లేవు, నెమ్మదిగానే దిగుతోంది. టెంపరేచర్ ముల్లు మాత్రం సరిగ్గానే ఉంది.

సెండర్ (ట్యాంకులో ఫ్లోట్ ఎత్తుని బట్టి ఓమ్‌లు మార్చి ముల్లుకి పెట్రోల్ మట్టం తెలిపే భాగం) పోయింది, ట్యాంకు దింపి మార్చాలి అని మెకానిక్ అంటున్నారు. మార్చేముందు ఏమేం చూసుకోవాలి? మల్టీమీటరు ఉంది. ఫ్లోట్ కడ్డీని కొంచెం వంచితే సరిపోతుందని కూడా విన్నాను, అది మంచి పనేనా?

ఎర్త్‌పాయింట్

సెండర్ ఇప్పుడే కొనకండి. కడ్డీని అసలు ముట్టుకోకండి.

కరెంటు ఇగ్నిషన్ నుంచి మీటరుకి, అక్కడి నుంచి వైరు మీదుగా సెండర్‌కి, సెండర్ మూత నుంచి ఎర్త్‌కి, అంటే బ్యాటరీ నెగటివ్‌కి కలిసిన కారు బాడీకి వెళ్తుంది. ఈ దారిలో ఎక్కడ అడ్డు పడినా ముల్లు తప్పే చూపిస్తుంది. ముందు తప్పు డ్యాష్‌బోర్డు వైపు ఉందా, ట్యాంకు వైపు ఉందా తేల్చాలి. మీరు టెంపరేచర్ ముల్లు సంగతి రాయడం మంచిదైంది. చాలా పాత కార్లలో రెండు ముళ్లకీ కలిపి ఒకే వోల్టేజ్ స్టెబిలైజర్ (ముళ్లకి అందే వోల్టేజీని నిలకడగా ఉంచేది) ఉంటుంది. అది చెడితే రెండూ ఒకే వైపు తప్పుతాయి. మీకు ఒక్కటే తప్పుతోంది కాబట్టి అనుమానం అటు వైపు తక్కువ.

మీటరు పరీక్ష ఇలా చేయండి. ఇగ్నిషన్ ఆపి సెండర్ దగ్గర సిగ్నల్ వైరు (మీటరు నుంచి వచ్చేది) ఊడదీయండి. ఆ వైరుకీ, బాడీ మీద రంగు లేని చోటుకీ మధ్య 10 ఓమ్‌ల రెసిస్టర్ కట్టండి, 5 వాట్లదైతే వేడెక్కదు. కట్టడం పూర్తయ్యాకే లోపలికి వెళ్లి తాళం తిప్పండి. ట్యాంకు పక్కన వైరు తాకించి చూడటం వద్దు, అక్కడ చిన్న నిప్పురవ్వ కూడా రాకూడదు. లోపల ద్విలోహ పట్టీ ఉండే మీటరైతే ముల్లు మెల్లగా లేస్తుంది, అర నిమిషం ఆగండి. ఫుల్‌కి తక్కువ ఓమ్‌లు ఉండే కారులో ఫుల్ దగ్గరికి, ఖాళీకి తక్కువ ఉండే కారులో ఖాళీ దగ్గరికి వస్తే మీటరూ వైరూ బాగున్నట్టే. రెసిస్టర్ లేకుండా నేరుగా ఎర్త్ చేసి వదిలేస్తే మీటరు లోపలి వేడి తీగ కాలిపోయే ప్రమాదం ఉంది.

తర్వాత ఇగ్నిషన్ ఆపి, వైరు ఊడదీసే ఉంచి ఓమ్‌లు రెండు చోట్ల కొలవండి: సెండర్ టెర్మినల్ నుంచి సెండర్ మూతకి ఒకసారి, అదే టెర్మినల్ నుంచి బాడీ మీద గీకి మెరిపించిన బోల్టుకి ఇంకోసారి. ట్యాంకు నిండా ఉన్నప్పుడు కొలిస్తే పోల్చుకోవడం తేలిక.

ఏ కారుకి ఎన్ని ఓమ్‌లు అనేది తయారీని బట్టి మారుతుంది. పాత జనరల్ మోటార్స్ కార్లలో ఖాళీకి 0, ఫుల్‌కి 90. పాత ఫోర్డ్‌లలో తలకిందులు, ఖాళీకి 73, ఫుల్‌కి 10 దరిదాపు. వీడీఓ బ్రాండు మీటర్లలో ఖాళీకి 10, ఫుల్‌కి 180. చాలా జపాన్ కార్లలో ఖాళీకి 110 చుట్టుపక్కల, ఫుల్‌కి 3 దాకా. మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్లో ఉన్న అంకెనే నమ్మండి. సెండర్ కొనాల్సి వచ్చినా చూడాల్సింది ఇదే. బోల్టుల రంధ్రాలు సరిపోయినంత మాత్రాన ఓమ్‌లు సరిపోవు.

పాతబండి

కొలిచాను. మాన్యువల్ ప్రకారం ఖాళీకి 110, ఫుల్‌కి 3. ట్యాంకు నిండా ఉంది. టెర్మినల్ నుంచి మూతకి 4 ఓమ్‌లు, టెర్మినల్ నుంచి బాడీ బోల్టుకి 22. రెసిస్టర్ పెడితే ముల్లు ఫుల్‌కి కాస్త దిగువన నిలబడింది.

ఎర్త్‌పాయింట్

మీ సెండర్ బంగారంలా ఉంది. తప్పంతా ఆ 18 ఓమ్‌ల తేడాలో ఉంది, అంటే మూతకీ బాడీకీ మధ్య ఎర్త్ పోయింది.

మీరు చెప్పిన లక్షణాలతో లెక్క కూడా కలుస్తోంది. 3 నుంచి 110 దాకా మొత్తం 107 ఓమ్‌లు. అందులో 18 అంటే ఆరో వంతు. సెండర్ నిజంగా 92 ఓమ్‌లు ఇస్తున్నప్పుడే మీటరుకి 110 కనిపిస్తుంది, ఖాళీ అనేస్తుంది. 45 లీటర్లలో ఆరో వంతు ఏడున్నర, మీకు మిగులుతున్నది 8. పైన కూడా అంతే మేర తగ్గి చూపిస్తోంది. రెండు చివర్లా ఒకే లెక్కన తగ్గితే ముందు అనుమానించాల్సింది ఎర్త్‌నే. ఇదే జబ్బు ఖాళీకి 0 ఉండే కారులో వస్తే లేని పెట్రోల్‌ని ఉన్నట్టు చూపిస్తుంది, అది ఇంకా ప్రమాదం.

ట్యాంకు రబ్బరు ప్యాడ్ల మీద కూర్చుంటుంది, పట్టీలకీ రంగో రబ్బరో ఉంటుంది. అందుకే సెండర్‌కి విడిగా ఎర్త్ వైరు ఇస్తారు. అది బాడీకి బిగించే చోట చక్రాల బురద, నీళ్లు పడి కిలుం పడుతుంది. ఆ బోల్టు విప్పండి. వాషరంత మేర రంగు, తుప్పు గీకి లోహం మెరిసేలా చేయండి. వైరు చివర రింగు టెర్మినల్ పచ్చబడి ఉంటే కత్తిరించి కొత్తది క్రింప్ చేయండి, అంటే పట్టకారుతో నొక్కి బిగించండి. సోల్డరింగ్ ఐరన్ ట్యాంకు దరిదాపులకి తేకూడదు. పళ్ల వాషర్ వేసి బిగించి, ఆ తర్వాతే పైన వాసెలిన్ పూయండి. వైరే పాడై ఉంటే 1.5 చదరపు మిల్లీమీటర్లది చాలు. కొత్త రంధ్రం వేయొద్దు, ఉన్న బోల్టే వాడండి.

అయ్యాక వైరు తగిలించి, ఇగ్నిషన్ ఆన్ చేసి, సెండర్ మూతకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య డీసీ వోల్టులు చూడండి. 0.1 కంటే తక్కువ రావాలి. స్టెబిలైజర్ ఉన్న కారులో అంకె పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, పెద్ద అంకెనే లెక్కలోకి తీసుకోండి.

కడ్డీ వంచడం ఎందుకు వద్దన్నానంటే, కిలుం పట్టిన చోట ఓమ్‌లు నిలకడగా ఉండవు. తడిస్తే ఒకటి, ఎండితే ఒకటి. ఈరోజు వంచి సరిచేసింది రేపు ఇంకో వైపు తప్పుతుంది.

ఫ్లోట్‌మూత

పై సమాధానం ఈ కారుకి సరిపోతుంది. వేరే లక్షణాలతో వచ్చేవారి కోసం ఇంకొంచెం.

ముల్లు ఒకే చోట ఎగిరిపడుతుంటే సెండర్ లోపలి రెసిస్టెన్స్ పట్టీ అక్కడ అరిగినట్టు. ఎప్పుడూ ఖాళీ దగ్గరే పడి ఉండి, పైన చెప్పిన రెసిస్టర్ పరీక్షలో మీటరు బాగుంటే ఫ్లోట్‌లోకి పెట్రోల్ చేరి మునిగి ఉండొచ్చు. ఈ రెంటికీ సెండర్ బయటికి తీయక తప్పదు. పావు ట్యాంకు కంటే తక్కువ ఉన్నప్పుడు, ఆరుబయట, బ్యాటరీ నెగటివ్ తీసేసి మొదలుపెట్టండి. పొడి అగ్నిమాపక సిలిండరు చేతికందే దూరంలో ఉండాలి. ఫ్యూయల్ ఇంజెక్షన్ కారైతే ముందు లైన్లో ప్రెషర్ దించాలి. సెండర్‌ని ట్యాంకుకి బిగించే లాక్ రింగ్ తిప్పడానికి ఇత్తడి కడ్డీ వాడండి, ఉక్కు ఉలి వద్దు. దాని కింది రబ్బరు సీలు మళ్లీ వాడకండి, కొత్తది వేయండి.

తీశాక ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోల్ తొణికే చప్పుడు తెలుస్తుంది. ఇత్తడి ఫ్లోట్‌ని వేడినీళ్లలో ముంచితే చిల్లు ఉన్న చోట బుడగలు వస్తాయి. అతికించే ప్రయత్నం కంటే కొత్తది వేయడమే మేలు. లోపల పెట్రోల్ ఆవిరి ఉన్న ఫ్లోట్‌కి మంట చూపించడం ప్రాణాంతకం.

రెసిస్టెన్స్ పట్టీని చూడటానికి మల్టీమీటరు తగిలించి కడ్డీని చాలా నెమ్మదిగా కింది నుంచి పైకి జరపండి. అంకె వరసగా మారాలి. మధ్యలో ఎక్కడైనా తెగిపోతే ఆ చోటు అరిగినట్టే. మురికి మాత్రమే అయితే కాంటాక్ట్ క్లీనర్, మెత్తని గుడ్డ చాలు. ఎమెరీ కాగితం పెడితే సన్నటి చుట్టు తీగ తెగుతుంది.

ఒకవేళ దొరికిన కొత్త సెండర్ ఒక చివర ఓమ్‌లు ఎక్కువ చూపిస్తే, సిగ్నల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెసిస్టర్ కట్టి దారికి తేవచ్చు. ఉదాహరణకి 90 రావాల్సిన చోట 110 వస్తుంటే 470 ఓమ్‌లు, అర వాటుది కడితే 89 అవుతుంది. 0 ఉన్న చివర మారదు. మధ్యలో 50 ఉన్నది 45 అవుతుంది, ఆ కాస్త తేడా ముల్లు మీద పెద్దగా కనిపించదు. దీన్ని డ్యాష్‌బోర్డు వెనకే కట్టండి, ట్యాంకు దగ్గర కాదు.

పాతబండి

ఎర్త్ బోల్టు విప్పితే రింగు టెర్మినల్ పచ్చగా పొడి రాలుతూ ఉంది. కొత్తది వేసి బిగించాను. ఇప్పుడు మూత నుంచి బ్యాటరీ నెగటివ్‌కి 0.03 వోల్టులు, ముల్లు ఫుల్ గీత మీద. కింది చివర సరిగ్గా ఉందో లేదో ఎలా చూడాలి?

ఎర్త్‌పాయింట్

ముల్లు ఖాళీ గీతకి వచ్చాక క్యాన్‌లో 5 లీటర్లు తీసుకుని, సమతలం మీద బండి ఆపి, ఇంజిన్ ఆపేసి పోయండి. ఇగ్నిషన్ ఆన్ చేసి రెండు నిమిషాలు ఆగి ముల్లు ఎక్కడుందో రాసుకోండి. అలా నాలుగైదు సార్లు చేస్తే మీ ట్యాంకు పట్టిక తయారవుతుంది. ట్యాంకు అడుగు, పైభాగం ఒకే వెడల్పు ఉండవు కాబట్టి గీతల మధ్య లీటర్లు సమానంగా రాకపోవచ్చు. ఖాళీ గీత దగ్గర కొంత పెట్రోల్ మిగిలితే అది తయారీదారులు కావాలని ఉంచిన రిజర్వే, దాన్ని సరిచేయాలని చూడకండి.