వెనక స్పీకర్లు 18 మీటర్ల దూరంలో ఉన్నాయట! క్యాలిబ్రేషన్ తెలిసినవాళ్ళు చెప్పండి

పెన్నా తీరం (సర్జాపూర్ రోడ్డు, బెంగళూరు):
మధ్యాహ్నం రెండింటికి కూర్చున్నా, ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. హోం థియేటర్ రిసీవర్‌లో (స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె) ఆటో క్యాలిబ్రేషన్, అంటే మైకు పెడితే స్పీకర్ల దూరం, శబ్దం స్థాయి అదే కొలుచుకునేది, ఆరుసార్లు నడిపా. ఆరుసార్లూ వెనక స్పీకర్లు రెండూ 18 మీటర్ల దూరంలో ఉన్నాయనే చూపిస్తోంది. మా హాలు ఈ గోడ నుంచి ఆ గోడకు ఐదు మీటర్లు కూడా లేదు! ముందు మూడూ బాగానే ఉన్నాయి. సినిమా పెడితే వెనక చప్పుడు బావిలో అరిచినట్టు ఆలస్యంగా మారు పలుకుతోంది. వైర్‌లెస్ స్పీకర్లు, కొత్తవే, చార్జింగ్ కూడా ఫుల్‌గా ఉంది. రేపు పొద్దున్నే అమ్మానాన్న అనంతపురం నుంచి వస్తున్నారు. దయచేసి ఎవరైనా చెప్పండి, తల పగిలిపోతోంది.

మితభాషి:
ఫ్యాన్ ఆపారా?

పెన్నా తీరం:
ఆపాను. ఏసీ, ఫ్రిజ్ కూడా ఆపాను.

తెరముందు:
అసలు సోఫా ఎక్కడుంది? గోడకు ఆనించి ఉంటే ఎన్నిసార్లు కొలిచినా ఉపయోగం లేదండి. 5.1లో (ఐదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌ఊఫర్) సరౌండ్‌లు, అంటే మీ వెనక స్పీకర్లు, తెర మధ్య నుంచి 100-120 డిగ్రీల కోణంలో ఉండాలని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ప్రమాణం. అంటే చెవులకు పక్కగా, కొంచెం వెనక్కి. సోఫా వెనక్కి పోతే ఆ కోణమే కుదరదు. పైగా మన ఫ్లాట్లలో నేలంతా విట్రిఫైడ్ టైల్స్, ఒక పక్క బాల్కనీ అద్దాల తలుపు. హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట్టు కొట్టండి. టంగున తిరిగొస్తే మందపాటి కర్టెన్, కింద ఒక కార్పెట్ వేయాల్సిందే. మెషీన్ల మీద లక్షలు పెడతారు, గది గురించి మాత్రం ఎవరూ ఆలోచించరు. నాకు బాధ అదే.

పెన్నా తీరం:
సార్, కర్టెన్ వేస్తే 18 మీటర్లు 2 అవుతుందా?

రాగతాళం:
కంగారు పడకండి. నాకు సబ్‌ఊఫర్ ఎప్పుడూ ఉన్నదానికంటే దూరంగానే చూపిస్తుంది. దాని లోపలి ఫిల్టర్ల ఆలస్యాన్ని కూడా దూరంగానే లెక్కేస్తుంది. అలాగే వదిలేయాలి.

తీగలపని:
సబ్‌ఊఫర్‌కు ఆ మాట నిజమే అన్నా. ఇక్కడ వదిలేస్తే కుదరదు, ఆయనకు చెవికే తెలిసిపోతోంది.
బ్రదర్, ఒక్క మాట చెప్పండి. చార్జింగ్ అన్నారు కదా. సెట్టుతో వచ్చే వైర్‌లెస్ సరౌండ్‌లు మామూలుగా గోడ ప్లగ్గుకే ఉంటాయి. మీవి బ్యాటరీవా? రిసీవర్‌కు ఎలా కలిపారు?

పెన్నా తీరం:
బ్లూటూత్ స్పీకర్లే అన్నా. రిసీవర్ వెనక సరౌండ్ ప్రీ అవుట్‌లో (బయటి స్పీకర్లకు సిగ్నల్ ఇచ్చే రంధ్రం) చిన్న బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ పెట్టా. వైర్‌లెస్ అంటే అదే కదా?

మితభాషి:
కాదు.

రాగతాళం:
ఎందుకు కాదు? రెండూ రేడియోనే. చాలా వైర్‌లెస్ స్పీకర్ కిట్లు బ్లూటూత్ వాడే అదే 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. ప్లగ్గు వైరు వేలాడేదాన్ని వైర్‌లెస్ అనడమే నాకు నచ్చదు.

తీగలపని:
పేరు ఏదైనా పెట్టుకోండి అన్నా, తేడా ఆలస్యంలో ఉంది. మామూలు బ్లూటూత్ శబ్దాన్ని కుదించి, కాస్త పోగుచేసుకుని పంపుతుంది. 150-200 మిల్లీసెకన్లు అక్కడే పోతాయి. గాలిలో శబ్దం మీటరు నడవడానికి సుమారు 3 మిల్లీసెకన్లు. లెక్క కట్టండి, 50 మీటర్ల పైమాటే. మైకుకు మీ స్పీకర్లు ఎదురు అపార్ట్‌మెంట్‌లో ఉన్నట్టు వినిపిస్తున్నాయి. 18 అన్నది మీ రిసీవర్ చూపగలిగే గరిష్ఠం అయ్యుంటుంది.

పెన్నా తీరం:
మరి చేత్తో 2 మీటర్లని మార్చేస్తే?

తీగలపని:
వద్దు. రిసీవర్ ఆలస్యం కలపగలదు, తీసేయలేదు. వెనకవాటి కోసం ముందువాటిని ఆపితే పెదాలు ముందు కదిలి మాట తర్వాత వస్తుంది.
స్పీకర్ల వెనక ఆక్స్ రంధ్రం (కేబుల్ గుచ్చేది) ఉందా? ఉంటే ట్రాన్స్‌మిటర్ పీకేసి, ప్రీ అవుట్ నుంచి ఒక్కోదానికి ఒక్కో కేబుల్ లాగండి. అద్దె ఇల్లైతే గోడ తొలవక్కర్లేదు, గోడ కింది స్కర్టింగ్ పట్టీ అంచున టేపు వేయండి. స్పీకర్ మీద వాల్యూం సగానికి పెట్టి మళ్ళీ కొలవండి, ఆ తర్వాత ఆ బటన్ ముట్టుకోవద్దు, ముట్టుకుంటే కొలిచిందంతా వృథా. మైకు చేత్తో పట్టుకోకండి, సోఫా సీటు మీదా పెట్టకండి. కెమెరా స్టాండు మీద, కూర్చుంటే చెవులు ఎంత ఎత్తులో ఉంటాయో అంత ఎత్తులో. ఇంకోటి, బ్యాటరీ స్పీకర్లు కాసేపు చప్పుడు లేకపోతే వాటంతటవే ఆగిపోతుంటాయి. వెనక చానెల్‌లో చాలాసేపు ఏమీ ఉండదు కాబట్టి అది చూసుకోండి. ముందుముందు ప్లగ్గు స్పీకర్లో, హోం థియేటర్ కోసమే చేసిన కిట్టో తీసుకోండి. కొనేముందు ఎస్‌పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో ఆలస్యం ఎన్ని మిల్లీసెకన్లో అడగండి.

రాగతాళం:
అయినా 2.4 గిగాహెర్ట్జ్ వాడే కిట్టుకు వైఫై రూటర్ అడ్డం రాదా?

తెరముందు:
రూటర్ కంటే ఆ అద్దాల తలుపు పెద్ద సమస్య. ఇంతకీ సోఫా ఎక్కడుందో ఆయన చెప్పనే లేదు.

పెన్నా తీరం:
ఆక్స్ ఉంది! పొద్దున సందు చివరి షాపులో కేబుళ్ళు తెచ్చా. ఎడమది 2.1 మీటర్లు, కుడిది 2.4 మీటర్లు చూపించింది. మారు పలకడం పోయింది. నాన్నను మెజెస్టిక్ నుంచి తీసుకురావాలి, వెళ్తున్నా. థాంక్స్ అన్నా.

తెరముందు:
మంచిది. కుడిదానికి లెవెల్ ఎంత వచ్చిందో కూడా చెప్పండి, బాల్కనీ అటువైపే అయితే.