మాట్‌ప్లాట్‌లిబ్ స్క్రిప్టులన్నీ ఒకేసారి నడిపి, బొమ్మలు సేవ్ చేసుకోవడం ఎలా?

అందరికీ నమస్కారం. విశాఖలో, మధురవాడ వైపు, ఇంజనీరింగ్ పిల్లలకు పైథాన్ ల్యాబ్ చెబుతుంటాను. ల్యాబ్ సిస్టమ్స్‌లో మాట్‌ప్లాట్‌లిబ్ (పైథాన్‌లో గ్రాఫులు గీసే లైబ్రరీ) కొత్త వెర్షన్ వేశాం. సోమవారం క్లాసులోపు మా ఫోల్డర్‌లోని 130 ఉదాహరణ స్క్రిప్టుల్లో ఏవి నడుస్తున్నాయో తేల్చుకోవాలి, అదే టెన్షన్.

ముందు ఫర్ లూప్ రాసి, సబ్‌ప్రాసెస్‌తో ఒక్కొక్కటీ వేరే ప్రాసెస్‌లో నడిపాను. అన్నిటి చివరా గ్రాఫును విండోలో చూపించే షో ఫంక్షన్ ఉంది కదా, గ్రాఫ్ విండో మూసేదాకా తర్వాతది కదలదు. భోంచేసి వచ్చి చూస్తే మూడో స్క్రిప్టు సైన్ వేవ్ దగ్గరే ఆగి ఉంది. ఎంపీఎల్‌బ్యాకెండ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి ఆగ్ (విండో తెరవకుండా బొమ్మ గీసే పద్ధతి) అని ఇచ్చాను. విండోల గొడవ పోయింది కానీ బొమ్మలూ ఎక్కడా సేవ్ కాలేదు. ఎర్రర్ రాకపోతే సరిపోదు నాకు. డిఫాల్ట్ ఫాంటులో తెలుగు లేదు కాబట్టి, లేబుళ్లలో అక్షరాల బదులు డబ్బాలు వస్తున్నాయేమో కళ్లతో చూడాలి.

ఆగ్ అలాగే ఉంచి, రన్‌పై మాడ్యూల్‌తో అన్నీ ఒకే ప్రాసెస్‌లో నడిపి, తెరిచి ఉన్న బొమ్మల నంబర్లిచ్చే గెట్‌ఫిగ్‌నమ్స్‌తో బొమ్మలు పట్టుకుంటే సేవ్ అయ్యాయి. అయితే ఒక స్క్రిప్టు ఆర్‌సీపారామ్స్‌లో (మాట్‌ప్లాట్‌లిబ్ డిఫాల్ట్ సెట్టింగుల్లో) ఫాంటు సైజు 22 చేస్తే, తర్వాతవాటన్నిటికీ అదే అంటుకుంది. బొమ్మలు 20 దాటాక వచ్చే మెమరీ హెచ్చరిక మాత్రం అన్నీ క్లోజ్ చేయిస్తే పోయింది.

ఒక్కో స్క్రిప్టునూ వేరే ప్రాసెస్‌లోనే నడుపుతూ, అసలు ఫైళ్లు ముట్టుకోకుండా బొమ్మలు సేవ్ చేసే దారి ఉందా? షో ఫంక్షన్‌నే మార్చేసే చిన్న ర్యాపర్ రాయడం మంచి పద్ధతేనా? యానిమేషన్ స్క్రిప్టులకు టైమ్‌అవుట్ ఎంత పెడతారు? ఇలాంటి పని చేసినవాళ్లెవరైనా కాస్త చెప్పండి.