సిగరెట్ మానేస్తే దగ్గు ఇంకా ఎక్కువైంది, ఇదేం గోల?

నిద్రలేని_పిల్లి:
మానేస్తే ఊపిరితిత్తులు బాగుపడతాయన్నారు. మానేశాను. దగ్గు తగ్గకపోగా పెరిగింది, పొద్దున లేవగానే కళ్ళె, అదీ కాస్త గోధుమ రంగులో. రాత్రి 11 నుంచి తెల్లారుజామున మూడున్నర దాకా చదువుతూనే ఉన్నాను, ఒకరు మూడు రోజులంటారు, ఒకరు పదేళ్ళంటారు. స్పైరోమీటర్ కూడా చేశాను, మూడింటికి రెండే వచ్చాయి. అంటే మూడో వంతు పోయినట్టేనా? తిరిగి మామూలుగా అయ్యే దారి ఉంటే చెప్పండి. ఉపన్యాసాలు వద్దు, ఇంట్లో వింటూనే ఉన్నాను.

గళ్ళ_లుంగీ:
మానేసి ఎన్నాళ్ళు? రోజుకి ఎన్ని తాగేవారు? ఎన్నేళ్ళు?

పాత_కళ్ళజోడు:
ముందే చెబుతున్నా, ఊపిరితిత్తులు కడిగేస్తామనే మాత్రల జోలికి మాత్రం పోకండి. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్ళు 29 వేల మందికి పైగా తీసుకుని, కొందరికి బీటా కెరోటిన్ (క్యారెట్‌లో ఉండేదే) మాత్రలిచ్చి ఏళ్ళ తరబడి చూశారు, ఫలితాలు 1994లో వచ్చాయి. మేలు చేస్తుందనుకుంటే, ఆ మాత్రలు వేసుకున్నవాళ్ళలోనే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ కనిపించింది. క్యారెట్ తినడం వేరు, మాత్ర మింగడం వేరు. ఈ మాట నేను ఎన్నిసార్లు రాసినా ఎవరూ...

నిద్రలేని_పిల్లి:
నేను మాత్రల గురించి అడగలేదండీ.

వానచినుకు:
దగ్గు సంగతి నేను చెబుతా. గాలిగొట్టాల లోపలి గోడల మీద సన్నని నూగు లాంటిది ఉంటుంది, అది ఊగుతూ కఫాన్ని, దుమ్మును గొంతు వైపు నెడుతుంది. పొగ దాన్ని మొద్దుబారుస్తుంది. మానేశాక అది మళ్ళీ కదలడం మొదలుపెడితే, పేరుకున్నదంతా పైకి వస్తుంది. అందుకే మొదటి కొన్ని వారాలు దగ్గు పెరగడం మామూలే. దగ్గు, ఆయాసం తగ్గుముఖం పట్టడానికి 1 నుంచి 9 నెలలు పట్టొచ్చు. నీళ్ళు బాగా తాగండి, రోజూ నడవండి. ఆవిరి పడితే కఫం కాస్త వదులవుతుంది, తారును మాత్రం కరిగించదు.

పాత_కళ్ళజోడు:
నూగు కాదండీ, శైలికలు. పాఠ్యపుస్తకంలో అదే మాట.

వానచినుకు:
నిద్ర లేనివాడికి శైలికలంటే ఏం అర్థమవుతుంది? అర్థమయ్యే మాట రాశాను.

గళ్ళ_లుంగీ:
ఆ స్పైరోమీటర్ అంటే బంతులు లేపేదా?

నిద్రలేని_పిల్లి:
అవును, మూడు బంతులది. నాన్నగారి ఆపరేషన్ అప్పుడు ఇచ్చారు.

గళ్ళ_లుంగీ:
అది పరీక్ష కాదు, కసరత్తు సామాను.

వానచినుకు:
అదే. బంతుల దాంట్లో గాలి లోపలికి పీలుస్తాం. పరీక్షలో గట్టిగా బయటికి ఊదిస్తారు, మొదటి సెకనులో ఎంత గాలి వచ్చింది, మొత్తంలో అది ఎంత భాగం అని చూస్తారు. గాలిగొట్టాలు తెరిచే మందు పీల్చాక కూడా ఆ భాగం 0.7 కంటే తక్కువుంటే సీఓపీడీ, అంటే గాలిగొట్టాలు ఇరుకై ఊపిరాడని దీర్ఘకాలిక జబ్బు, ఉందేమోనని చూస్తారు. రెండు బంతులు లేచాయి కాబట్టి మూడో వంతు పోయిందని లెక్కేయడం కుదరదు.

పాత_కళ్ళజోడు:
దాన్ని కూడా స్పైరోమీటర్ అనే అంటారు కదా, ఆయన తప్పేముంది? పూర్తి పేరు ఇన్సెంటివ్ స్పైరోమీటర్.

గళ్ళ_లుంగీ:
అందుకే అడిగాను. నా మొదటి ప్రశ్నకి జవాబు ఇంకా రాలేదు.

నిద్రలేని_పిల్లి:
19 రోజులైంది. 14 ఏళ్ళు, రోజుకి డబ్బా. ఇప్పుడు రెండే, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.

గళ్ళ_లుంగీ:
అది మానేయడం కాదు.

నిద్రలేని_పిల్లి:
20 నుంచి 2కి వచ్చాను సార్, అదేమన్నా చిన్న విషయమా?

వానచినుకు:
చిన్నది కాదు, నిజంగానే. కానీ తాగుతూనే ఉంటే పొద్దున కాస్త లేచిన ఆ నూగు మీద రోజుకి రెండుసార్లు మళ్ళీ పొగ పడుతోంది. గుండె సంగతి ఇంకా ఇబ్బంది, రోజుకి ఒక్కటి తాగినా 20 తాగేవాళ్ళకు ఉండే అదనపు ప్రమాదంలో దాదాపు సగం ఉంటుందని 2018లో తేల్చారు. పొద్దున లేచిన అరగంటలోపే తాగకపోతే ఉండలేనివాళ్ళకి 4 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ చెబుతారు, మిగతావాళ్ళకి 2. చూయింగ్ గమ్‌లా గబగబా నమలకూడదు, కాస్త నమిలి చెంప పక్కన పెట్టుకోవాలి. కాఫీ తాగిన వెంటనే నమిలితే సరిగా పనిచేయదు. గుండె జబ్బులాంటివి ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి.

ఇక తిరిగి మామూలు అవడం అంటారా, వాపు, కఫం తగ్గుతాయి. గాలి తిత్తుల గోడలు తెగిపోయి ఎంఫిసీమా వచ్చి ఉంటే ఆ గోడలు మళ్ళీ రావు. మొదటి సెకనులో ఊదే గాలి వయసుతో అందరికీ ఏటా సుమారు 30 మిల్లీలీటర్లు తగ్గుతుంది, పొగతాగేవాళ్ళలో కొందరికి దానికి రెట్టింపు. మానేస్తే ఆ జారుడు మళ్ళీ దాదాపు మామూలు వేగానికి వస్తుంది. మీరు చదివిన పదేళ్ళు క్యాన్సర్ లెక్క అయ్యుంటుంది, తాగుతూనే ఉన్నవాళ్ళతో పోలిస్తే 10 ఏళ్ళకి ఆ ప్రమాదం సుమారు సగమవుతుంది.

గళ్ళ_లుంగీ:
గోధుమ రంగు తారు కావచ్చు, రక్తమూ కావచ్చు. డాక్టర్‌కి చూపించు. అసలు పరీక్ష కూడా అక్కడే అడుగు.

పాత_కళ్ళజోడు:
గాలి తిత్తులు కాదు, వాయుగోణులు.

నిద్రలేని_పిల్లి:
సరే. డాక్టర్ దగ్గరికి సోమవారం వెళ్తా. పొద్దున దాని బదులు గమ్ చూస్తా, రాత్రిది తర్వాత. థాంక్స్, నిద్రొస్తోంది.

పాత_కళ్ళజోడు:
గమ్ గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఈ ఫ్లేవర్లు ఉన్నాయి చూశారూ...