లంబసింగి చలికి ఎత్తు కారణమైతే, ఆదిలాబాద్ చలికి కారణమేమిటి?

ప్రశ్న (డిగ్రీ విద్యార్థిని, భూగోళశాస్త్రం)

అందరికీ నమస్కారం. ఎత్తుకు వెళ్లేకొద్దీ ప్రతి కిలోమీటరుకు సగటున 6.5 డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుందని మా పాఠంలో ఉంది. సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో డిసెంబరు, జనవరి నెలల్లో అంత చలి ఎందుకు వేస్తుందో దీనిని బట్టి కొంత అర్థమవుతోంది. అయితే ఆదిలాబాద్ పట్టణం 300 మీటర్ల ఎత్తున కూడా లేదు. హైదరాబాద్ దానికి దాదాపు రెట్టింపు ఎత్తున ఉంది. అయినా చలికాలం వచ్చిందంటే ఆదిలాబాద్‌లోనే చలి ఎక్కువ. కొన్ని సంవత్సరాల్లో అక్కడ రాత్రి ఉష్ణోగ్రత 5 డిగ్రీల దాకా పడిపోయింది. ఈ రెండు చోట్ల చలికి కారణం ఒకటేనా, వేర్వేరా? దయచేసి వివరించగలరు.

జవాబు (భౌతికశాస్త్ర అధ్యాపకుడు)

మంచి ప్రశ్న అడిగారమ్మా. ముందుగా లంబసింగి లెక్కే చూద్దాం. దాదాపు అదే అక్షాంశం మీద, సముద్రపు ఒడ్డున ఉన్న విశాఖపట్నంలో జనవరి రాత్రులు సుమారు 18 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఒక కిలోమీటరు ఎత్తుకు 6.5 డిగ్రీలు తీసివేస్తే లంబసింగిలో 11 లేదా 12 డిగ్రీలు ఉండాలి. కానీ అక్కడ కొన్ని రాత్రులు 3, 4 డిగ్రీలకు దిగుతోంది. అంటే ఎత్తు వల్ల తగ్గింది సగమైనా లేదు. మిగిలిన ఏడెనిమిది డిగ్రీల సంగతి తేలాలి. ఆదిలాబాద్ చలికి కారణం కూడా అక్కడే దొరుకుతుంది.

గాలి ప్రధానంగా సూర్యకిరణాల వల్ల నేరుగా వేడెక్కదు. కిరణాలు నేలను వేడి చేస్తాయి, నేల తనను ఆనుకుని ఉన్న గాలిని వేడి చేస్తుంది. పొద్దుగూకాక రాబడి ఆగిపోతుంది కానీ ఖర్చు ఆగదు. నేల పరారుణ కిరణాల రూపంలో రాత్రంతా వేడిని పైకి వదులుతూనే ఉంటుంది. గాలిలోని నీటి ఆవిరి, మబ్బులు ఆ వేడిలో చాలా భాగాన్ని పీల్చుకుని కొంత తిరిగి కిందికి పంపుతాయి. గాలి పొడిగా ఉండి, ఆకాశం నిర్మలంగా ఉంటే ఆ తిరుగు రాబడి బాగా తగ్గిపోతుంది. విశాఖలో సముద్రం దగ్గరే ఉండటం వల్ల గాలిలో తేమ ఎక్కువ, పైగా సముద్రపు నీరు రాత్రికి రాత్రి చల్లబడదు. ఆదిలాబాద్‌కు సముద్రం ఎంతో దూరం. చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చే పొడి గాలి నేరుగా అక్కడికి చేరుతుంది. పైమట్టి ఆరిపోయి ఉంటుంది కనుక లోపలి వేడి త్వరగా పైకి రాదు. డిసెంబరు చివర అక్కడ రాత్రి సుమారు 13 గంటలు. అంత సేపు వేడి పోతూ ఉంటే 5 డిగ్రీలకు దిగడంలో ఆశ్చర్యం లేదు.

హైదరాబాద్ ఎత్తున ఉన్నా, కాంక్రీటు, తారు పగటి వేడిని దాచుకుని రాత్రి వదులుతాయి. నగరం అంచున ఉన్న పటాన్‌చెరులో తరచుగా నగరం నడిబొడ్డుకన్నా కొన్ని డిగ్రీలు తక్కువ నమోదవడానికి ఇది ముఖ్య కారణం.

జవాబు (చింతపల్లి ప్రాంతం)

మా వైపు కొండల్లో దీనికి మరో అంశం తోడవుతుంది. వాలు మీద చల్లబడిన గాలి బరువెక్కి, నెమ్మదిగా కిందికి జారి లోయలో నిలిచిపోతుంది. గాలి వీచని రాత్రి పల్లంలో ఉన్న చేనులో చలి ఎక్కువగానూ, కొంచెం పైన ఉన్న మెట్టలో తక్కువగానూ ఉంటుంది. అంటే పాఠంలో చెప్పిన దానికి పూర్తిగా తలకిందులు. దీనినే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. పాడేరు దగ్గర వంజంగి కొండెక్కినవారికి తెల్లవారుజామున కాళ్ల కిందుగా మబ్బుల సముద్రం కనిపించేది కూడా ఇందువల్లే. పైన వెచ్చని గాలి పొర ఉండటం వల్ల కింది చల్లని, తేమగల గాలి పైకి లేవలేక లోయలోనే పొగమంచై పరుచుకుంటుంది.

తిరిగి అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. లంబసింగిలో ‘సున్నా డిగ్రీలు’ అని వార్తల్లో వచ్చినప్పుడల్లా గడ్డి మీద పేరుకున్న తెల్లటి మంచు ఫొటో వేస్తారు. దానిని రుజువుగా తీసుకోవచ్చా?

జవాబు (భౌతికశాస్త్ర అధ్యాపకుడు)

గడ్డి సున్నాకు చేరిందనడానికి అది రుజువే, గాలి సున్నాకు చేరిందనడానికి మాత్రం కాదు. వాతావరణ కేంద్రాల్లో థర్మామీటరును నేలకు సుమారు నాలుగు అడుగుల ఎత్తున, గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో ఉంచుతారు. నిర్మలమైన రాత్రి గడ్డిపోచ ఆకాశానికి నేరుగా వేడిని వదిలి, ఆ ఎత్తున ఉన్న గాలికన్నా మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువగా చల్లబడగలదు. అందువల్ల పెట్టెలో 3 డిగ్రీలు చూపుతున్నప్పుడు కూడా గడ్డి మీద మంచు గడ్డకట్టవచ్చు. ఆకులకు తగిలే చలి ఇదే కనుక అక్కడ స్ట్రాబెర్రీ, కూరగాయలు వేసే రైతుకు ఈ తేడా చాలా ముఖ్యం.

ఈ వివరణ సరైనదో కాదో మీరే పరీక్షించుకోవచ్చు. డిసెంబరులో బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి తెలంగాణ మీదికి మబ్బులు వచ్చిన రోజుల్లో, ఆదిలాబాద్ కనిష్ఠ ఉష్ణోగ్రతను అంతకు ముందు రోజులతో పోల్చి చూడండి. పట్టణం ఎత్తు మారలేదు, రాత్రి పొడవూ మారలేదు, అయినా అంకె ఒక్కసారిగా కొన్ని డిగ్రీలు పైకి వెళ్లడం గమనిస్తారు.