మిల్లు మూసేశారు, సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టొచ్చా?

పల్నాడు_కుర్రాడు:
మా నాన్న గుంటూరు దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో రింగ్‌ఫ్రేమ్ (నూలు వడికే యంత్రం) మీద 19 ఏళ్లుగా చేస్తున్నారు. ముందు మూడు షిఫ్టులు ఒకటయ్యాయి, తర్వాత నూలు పోవట్లేదు, కరెంటు బిల్లు కట్టలేకపోతున్నాం అన్నారు, పోయిన సోమవారం వెళ్తే గేటుకి తాళం. ఇప్పుడు ఒక్కొక్కరినీ పిలిచి అన్నీ కలిపి 90 వేలు ఇస్తాం, ఇంకేమీ రావలసింది లేదని రాసివ్వమంటున్నారు. మధ్యలో యజమాని మారాడు కాబట్టి సర్వీసు 9 ఏళ్లేనట. బేసిక్, డీఏ కలిపి 13 వేలు. నాన్నకి 52. ఇచ్చింది తీసుకుందాంరా, గొడవలెందుకు అంటున్నారు.

కార్మిక_మిత్ర:
సంతకం పెట్టనివ్వకండి. గ్రాట్యుటీ (ఏళ్ల తరబడి చేసినందుకు పని పోయినప్పుడు యజమాని ఇవ్వాల్సిన సొమ్ము) ఒక్కటే లెక్కేయండి: 13,000ని నెలకి 26 పనిరోజులతో భాగిస్తే రోజుకి 500, ఏడాదికి 15 రోజుల చొప్పున 7,500, 19 ఏళ్లకి 1,42,500. ఇది కాక మూసివేత పరిహారం వేరే, అది కూడా ఏడాదికి 15 రోజుల సగటు జీతం. నష్టాలొచ్చాయి, సరుకు అమ్ముడుపోలేదు అనే కారణాలతో దాన్ని తగ్గించడానికి చట్టం ఒప్పుకోదు. యజమాని మారినా పని ఆగకుండా చేసుంటే పాత సర్వీసు కూడా కలుస్తుంది, కాకపోతే ఋజువు కావాలి. పాత జీతం స్లిప్పు, ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ పాస్‌బుక్, ఏదుంటే అది వెతకండి. గ్రాట్యుటీ 30 రోజుల్లో ఇవ్వకపోతే వడ్డీతో ఇవ్వాలి, లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టండి. పీఎఫ్‌లో పింఛను సర్వీసు పదేళ్లు దాటితే 58కి పింఛను వస్తుంది, అది వేరే.

ఓరుగల్లు_పిల్ల:
మా నాన్నది వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు. నిజాం కాలంలో 1934లో పెట్టింది, 1974లో ఎన్‌టీసీ (కేంద్ర ప్రభుత్వ జౌళి సంస్థ) కిందికి వచ్చింది, 2002లో మూతపడింది. సైరన్ విని వంట మొదలుపెట్టే అమ్మకి కొన్నాళ్లు టైమే తెలిసేది కాదు. వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద విరమణ) డబ్బులు అక్క పెళ్లికి సగం పోయాయి, మిగతాది చిట్టీలో పోయింది (ఆ కథ ఇంకోసారి). నాన్న అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌గా చేరాడు. గీసుగొండ దగ్గర టెక్స్‌టైల్ పార్కుకి శంకుస్థాపన చేసింది 2017లో, అప్పటికి నాన్నకి దారం కంటికి ఆనట్లేదు. అందుకే చెప్తున్నా తమ్ముడూ, డబ్బు రాగానే ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ముందు అమ్మ పేరు మీద పోస్టాఫీసులో డిపాజిట్ చెయ్. ఇంకో మాట, ఒక్కడే వెళ్లకు, మీ షిఫ్టు వాళ్లందర్నీ కలుపుకో.

పల్నాడు_కుర్రాడు:
థాంక్యూ అక్కా, సార్. అమ్మ బీరువాలో పాత ఈఎస్ఐ కార్డు దొరికింది, చేరిన తేదీ ఉంది, పాత మిల్లు పేరే ఉంది. నాన్నతోపాటు ఇంకో పదకొండుమంది రేపు లేబర్ ఆఫీసుకి వస్తామన్నారు. ఇద్దరు మాత్రం ఇప్పటికే సంతకం పెట్టేశారు, వాళ్ల సంగతేంటి సార్?

కార్మిక_మిత్ర:
సంతకం పెట్టినంత మాత్రాన గ్రాట్యుటీ హక్కు పోదు, వాళ్లనీ తీసుకురండి.